ప్లేట్‌లెట్స్ 81,000 ఉన్న గర్భిణికి ఆస్పిరిన్, హెపారిన్ ఎందుకు ఇచ్చాం

ఆమె వయసు 29. మా ఓపీకి మొదటిసారి వచ్చేసరికి ఏడో వారం నడుస్తోంది. ఇది మూడో గర్భం, మొదటి రెండూ నిలవలేదు. కూర్చుంటూనే ఫైలు నా ముందుకు జరిపి, "మేడమ్, నాకు ప్లేట్‌లెట్స్ తక్కువ. అందుకే నిలవడం లేదేమో. పెరగడానికి ఏదైనా మందు ఉందా?" అని అడిగింది. పైనున్న రిపోర్టులో కౌంట్ 81,000. ఆ అంకెకు ఎవరో ఎర్ర పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టారు.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఆ ఎర్ర సున్నానే. ప్లేట్‌లెట్స్ తక్కువంటే రక్తస్రావం అవుతుందన్న మాట మన బుర్రల్లో బాగా నాటుకుపోయింది. కానీ ఎన్ని ఉన్నాయన్నది ఒక ప్రశ్న, ఉన్నవి ఏం చేస్తున్నాయన్నది ఇంకో ప్రశ్న. ఈమె విషయంలో ఉన్న కొద్దిపాటి ప్లేట్‌లెట్సే రెచ్చిపోయి మాయలో (ప్లసెంటాలో) గడ్డలు కడుతున్నాయి. ఆధారాలన్నీ ఆమె ఫైల్లోనే ఉన్నాయి. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, ఆనవాలు పట్టగలిగే వివరాలు మార్చాను.

పాత కాగితాలు

మొదటి గర్భం తొమ్మిదో వారంలో పోయింది. ఒక స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనిపించింది, తర్వాతి స్కాన్‌లో లేదు. ఇంత తొందరగా పోయేవాటిలో ఎక్కువ భాగం పిండం క్రోమోజోముల్లో తేడా వల్లే పోతాయి కాబట్టి ఆ ఒక్కదాన్ని బట్టి ఏమీ తేల్చలేం. రెండోది అలా కాదు. 23వ వారంలో బిడ్డ కదలికలు ఆగిపోయాయి. అప్పటికే ఎదుగుదల మూడు వారాలు వెనకబడి ఉంది, ఉమ్మనీరు తగ్గింది. బిడ్డ అవయవాల్లో లోపమేమీ కనిపించలేదు. మాయను పరీక్షకు పంపితే, చాలాచోట్ల రక్తం అందక కణజాలం చచ్చిపోయినట్టు రిపోర్టు వచ్చింది.

ఆ రెండో గర్భంలో ముందుజాగ్రత్తగా, ప్లేట్‌లెట్స్ అతుక్కోకుండా చేసే ఆస్పిరిన్ మొదలుపెట్టారు. 14వ వారంలో కౌంట్ 96,000 రాగానే ఆపేశారు. ఎవరు ఆపారన్నది ఇక్కడ అనవసరం. ఆ రోజు ఆ కుర్చీలో నేనున్నా అదే పని చేసి ఉండేదాన్నేమో, అది నిజాయతీగా ఒప్పుకోవాలి.

పాత కౌంట్లన్నీ ఒక తెల్ల కాగితం మీద తేదీల వారీగా రాసుకున్నాను. మొదటి గర్భంలో 1,18,000. రెండు గర్భాల మధ్య, పన్ను తీయించుకోవడానికి ముందు చేసిన పరీక్షలో 1,22,000. రెండో గర్భంలో 96,000. ఇప్పుడు 81,000. అంటే కడుపుతో లేని రోజుల్లో కూడా ఆమెకు మామూలుగా ఉండాల్సిన కనీసం లక్షన్నర లేవు. ఇలా ఒకచోట రాసుకోవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. విడివిడిగా చూస్తే ఒక్కో రిపోర్టూ 'గర్భంలో మామూలే' అన్నట్టు ఉంటుంది, వరసగా పెడితే అలా ఉండదు.

మామూలు తగ్గుదల ఎలా ఉంటుందో ఇక్కడ చెప్పాలి. గర్భంలో రక్తంలోని ప్లాస్మా 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, దాంతో కణాలు పలచబడతాయి. ప్లీహం కొన్నింటిని పట్టి ఉంచుతుంది, మాయ దగ్గర కొన్ని ఖర్చవుతాయి. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 7,000 మందికి పైగా గర్భిణుల కౌంట్లతో ఒక అధ్యయనం వచ్చింది. గర్భం లేని స్త్రీలలో సగటు 2,73,000 ఉంటే, ఏ ఇబ్బందీ లేని గర్భిణుల్లో మొదటి మూడు నెలల్లో 2,51,000, కాన్పు నాటికి 2,17,000. కాన్పు సమయంలో లక్షన్నర కంటే తక్కువ ఉన్నవాళ్లు దాదాపు పది శాతం. లక్ష కంటే తక్కువ ఉన్నవాళ్లు మాత్రం ఒక్క శాతమే. అందుకే లక్ష దిగువకు వెళితే, అందులోనూ తొలి వారాల్లోనే వెళితే, గర్భం మీదికి నెట్టేసి ఊరుకోకూడదు. వేరే కారణం వెతకాలి.

ఒక చుక్క రక్తం

ముందు ఆ అంకె నిజమో కాదో చూసుకోవాలి. రక్తం తీసే ఊదారంగు మూత ట్యూబులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. దాదాపు వెయ్యిమందిలో ఒకరికి ఆ రసాయనం వల్లే ప్లేట్‌లెట్స్ ట్యూబులో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మెషిన్ ఒక గుత్తిని ఒకటిగానే లెక్కేస్తుంది, లేదా అసలు లెక్కేయదు. ఒంట్లో లోటేమీ ఉండదు, కాగితం మీదే ఉంటుంది. అలాంటి తప్పుడు కౌంట్‌కు స్టెరాయిడ్లు వాడినవాళ్లను చూశాను, అందుకే ఈ మెట్టు నేను దాటవేయను. ఈడీటీఏ లేని సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీయించాం. అందులోని ద్రవం వల్ల పలచబడిన దాన్ని సరిచేస్తే 83,000 వచ్చింది. అంటే అంకె నిజమే.

తర్వాత ల్యాబ్‌కి వెళ్లి స్మియర్ (గాజు పలక మీద పలచగా పూసిన రక్తం) నేనే మైక్రోస్కోపులో చూశాను. గాజు పలక మీద ఎర్రకణాలు గులాబీరంగులో గుండ్రంగా, అంచులు సాఫీగా ఉన్నాయి. విరిగిన ముక్కలు లేవు. అవి కనిపిస్తే టీటీపీ (చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే జబ్బు), హెల్ప్ సిండ్రోమ్ (గర్భంలో ఎర్రకణాలు విరిగి, లివర్ దెబ్బతిని, ప్లేట్‌లెట్స్ పడిపోయే స్థితి) లాంటి అత్యవసరాలు గుర్తుకు రావాలి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఊదారంగు చుక్కల్లా ప్లేట్‌లెట్స్. గుత్తులు లేవు. కొన్ని మాత్రం మామూలు వాటికి రెట్టింపు సైజులో ఉన్నాయి. పెద్ద ప్లేట్‌లెట్ అంటే సాధారణంగా ఈమధ్యే ఎముక మజ్జ నుంచి బయటికొచ్చిన లేత కణం. అంటే మజ్జ పనిచేస్తోంది, తయారీ ఆగలేదు. తయారైనవి ఎక్కడో ఖర్చైపోతున్నాయి.

ఒంటి మీద కూడా చూశాను. మోకాళ్ల కింద ఎర్ర చుక్కలు లేవు, నోట్లో రక్తపు పొక్కులు లేవు. పళ్లు తోముకుంటే రక్తం రాదు. నెలసరి ఎప్పుడూ నాలుగు రోజులే. పన్ను తీసినప్పుడు దూది పెట్టగానే ఆగిందట. కౌంట్ ఎప్పుడూ తక్కువే అయినా రక్తస్రావం అన్న చరిత్రే లేదు! నా దృష్టిలో రిపోర్టు కంటే బలమైన సాక్ష్యం ఇదే.

ఫైలు చివర్లో ఇంకో కాగితం దొరికింది. రెండో గర్భంలో బిడ్డ పోయాక ప్రసవానికి ముందు చేసిన పరీక్ష. ఏపీటీటీ (ట్యూబులో రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) 46 సెకన్లు, పోల్చడానికి పెట్టిన మామూలు రక్తానికి 31. పక్కన 'బ్లీడింగ్ రిస్క్' అని రాసి ఉంది. ట్యూబులో రక్తం ఆలస్యంగా గడ్డకడుతోంది కాబట్టి అలా రాయడం సహజమే. కానీ ప్లేట్‌లెట్స్ తక్కువ, ఏపీటీటీ ఎక్కువ, 23వ వారంలో బిడ్డ పోవడం, మాయలో చచ్చిన కణజాలం, ఈ నాలుగూ పక్కపక్కన పెడితే దాదాపు ఒక్క పేరే వస్తుంది: యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్.

ఈ జబ్బులో శరీరం తయారుచేసే యాంటీబాడీలు ట్యూబులో ఒకలా, ఒంట్లో ఇంకోలా ప్రవర్తిస్తాయి. ట్యూబులో గడ్డకట్టడానికి కావలసిన కొవ్వు పదార్థాన్ని ఆక్రమించి పరీక్షను ఆలస్యం చేస్తాయి. ఒంట్లో అవే ప్లేట్‌లెట్ పైపొరకూ రక్తనాళాల లోపలి పొరకూ అంటుకుని వాటిని మేల్కొలుపుతాయి. మేలుకున్న ప్లేట్‌లెట్ థ్రాంబాక్సేన్ అనే రసాయనం వదులుతుంది, అది పక్కవాటిని కూడా లేపుతుంది. అలా అతుక్కుని ఖర్చైపోవడం వల్ల కౌంట్ పడిపోతుంది, యాంటీబాడీలు అంటుకున్నవాటిని ప్లీహం తీసేయడం వల్ల ఇంకొంత పడిపోతుంది. అసలే మామూలు గర్భంలోనే ప్లేట్‌లెట్స్ కాస్త తొందరగా స్పందిస్తాయి, థ్రాంబాక్సేన్ తయారీ పెరుగుతుంది. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా ప్రకృతి చేసుకున్న ఏర్పాటు అది. ఈ జబ్బున్నవాళ్లలో దానికి ఇది తోడవుతుంది. గడ్డలొక్కటే కారణమని కూడా అనుకోకూడదు. ఈ యాంటీబాడీలు మాయ కణాలనే నేరుగా దెబ్బతీసి, గర్భాశయ గోడలోకి వేళ్లూనుకోనివ్వవు.

ఈ యాంటీబాడీలను పట్టే లూపస్ యాంటీకోయాగులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్ పరీక్షలకు రక్తం పంపాం. గడ్డకట్టకుండా చేసే హెపారిన్ మొదలుపెట్టకముందే రక్తం తీయాలి, లేకపోతే వీటిలో మొదటి పరీక్ష తికమక పెడుతుంది. మూడూ పాజిటివ్ వచ్చాయి. జబ్బు ఉందని ఖాయం చేయాలంటే 12 వారాల తర్వాత మళ్లీ రావాలన్నది నియమం. గర్భంలో అన్నాళ్లు ఆగితే పుణ్యకాలం గడిచిపోతుంది. మందులు మొదలుపెట్టి, ఆ గడువు దాటాక మళ్లీ చేయించాం. హెపారిన్ వల్ల మారని రెండు యాంటీబాడీలూ అప్పుడు కూడా అలాగే ఉన్నాయి.

ఐదు రోజుల సంకోచం

వైద్యం ఏమిటో పుస్తకాల్లో ఉన్నదే: తక్కువ మోతాదు ఆస్పిరిన్, దాంతోపాటు చర్మం కింద హెపారిన్ ఇంజెక్షన్. 1997లో బ్రిటన్‌లో 90 మంది మీద చేసిన అధ్యయనంలో ఆస్పిరిన్ ఒక్కటే వాడినవాళ్లలో 42 శాతం, హెపారిన్ కూడా కలిపినవాళ్లలో 71 శాతం బిడ్డలతో బయటపడ్డారు. తర్వాతి అధ్యయనాలన్నీ ఇంత తేడా చూపలేదు, అయినా ఇలాంటి చరిత్ర ఉన్నవాళ్లకు రెండూ కలిపి ఇవ్వడమే ఇప్పటికీ ఆనవాయితీ.

తెలిసి కూడా నేను ఐదు రోజులు ఆగాను. 81,000 ఉన్న మనిషికి ప్లేట్‌లెట్స్‌ని అణిచే మందు, గడ్డకట్టకుండా చేసే మందు, రెండూ ఒకేసారి రాయాలంటే పెన్ను కదల్లేదు. రాత్రి నిద్రలో కూడా అదే టెన్షన్. హెమటాలజీ చూసే సీనియర్‌కి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన ఒకటే అడిగారు: "మేడమ్, ఆమెకి ఇంతవరకూ ఎక్కడైనా రక్తం కారిందా?" లేదన్నాను. "గడ్డ కట్టిందా?" మాయ రిపోర్టు చదివి వినిపించాను. "మరి దేనికి భయపడుతున్నారు?" అన్నారు. సాధారణంగా 50,000 పైన నిలకడగా ఉన్నంతవరకూ ఈ మోతాదులు ఇవ్వొచ్చని ఇద్దరం అనుకున్నాం. ఆ ఐదు రోజుల వల్ల ఆమెకు నష్టమేమీ జరగలేదు. కానీ అది అదృష్టం, నా జాగ్రత్త కాదు.

ఆమెను, ఆమె భర్తను కూర్చోబెట్టి చెప్పాను. "అమ్మా, మీ ప్లేట్‌లెట్స్ తక్కువే, కానీ నిద్రపోవట్లేదు. అవసరానికి మించి పనిచేస్తున్నాయి. మనం పెంచడానికి చూడట్లేదు, కాస్త నెమ్మదింపజేయడానికి చూస్తున్నాం." ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అప్పుడు ఆ మాత్ర ఆపకుండా ఉండాల్సిందా?" అంది. ఆ రోజు దానికి సూటిగా జవాబు చెప్పలేకపోయాను.

గుండె కొట్టుకోవడం స్కాన్‌లో చూసిన రోజే ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు రాత్రిపూట, ఎనాక్సాపారిన్ (ఒక రకం హెపారిన్) 40 మిల్లీగ్రాములు రోజుకొకసారి మొదలుపెట్టాం. ఆస్పిరిన్ ఇంత తక్కువ మోతాదులో ఎందుకు సరిపోతుందో తెలుసుకుంటే ఒక్క రోజు కూడా మానకూడదని అర్థమవుతుంది. ప్లేట్‌లెట్‌లో కేంద్రకం ఉండదు. ఆస్పిరిన్ దానిలో థ్రాంబాక్సేన్ తయారీకి కావలసిన ఎంజైమ్‌ను ఒకసారి మూసేస్తే, అది బతికే 7 నుంచి 10 రోజులూ కొత్త ఎంజైమ్ తయారుచేసుకోలేదు. రక్తనాళం గోడలోని కణాలకు కేంద్రకం ఉంది కాబట్టి అవి మళ్లీ తయారుచేసుకుని, గడ్డకట్టకుండా కాపాడే ప్రోస్టాసైక్లిన్‌ను వదులుతూనే ఉంటాయి. కానీ రోజూ కొన్ని కొత్త ప్లేట్‌లెట్స్ రక్తంలోకి వస్తాయి. ఖర్చు ఎక్కువైన ఈమె లాంటివాళ్లలో ఇంకా ఎక్కువ వస్తాయి. మాత్ర మానిన ప్రతి రాత్రీ ఆస్పిరిన్ ముట్టని లేత ప్లేట్‌లెట్స్ గుంపు ఒకటి తయారవుతుంది.

హెపారిన్ మొదలుపెట్టాక ఏడో రోజు, పదో రోజు కౌంట్ చూశాం. అరుదుగా హెపారిన్ వల్లే యాంటీబాడీలు పుట్టి, సాధారణంగా 5 నుంచి 10 రోజుల మధ్య ప్లేట్‌లెట్స్ సగానికి పడిపోతాయి, ఆ పడిపోవడంలో కూడా గడ్డలే కడతాయి. అలా జరగలేదు. 12వ వారానికి 86,000, 20వ వారానికి 91,000. పొట్ట మీద ఇంజెక్షన్ పొడిచిన చోట్ల రూపాయి బిళ్లంత కమిలిన మచ్చలు తప్ప ఎక్కడా రక్తపు జాడ లేదు. ఇంజెక్షన్ తనే చేసుకునేది. వచ్చిన ప్రతిసారీ క్యాలెండర్ కాగితం తెచ్చి చూపించేది, ప్రతి గడిలోనూ రెండు టిక్కులు.

మళ్లీ పడిపోయింది

23వ వారం దాటిన రోజు ఆమె ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఏడ్చింది. బిడ్డ కదులుతోందని చెప్పడానికి చేసిందట.

32వ వారంలో బీపీ 150/96, మూత్రంలో ప్రోటీన్ రెండు ప్లస్‌లు. కౌంట్ 63,000. బిడ్డ బరువు పదో సెంటైల్ గీత కిందికి జారింది, అంటే అదే వారాల వందమంది బిడ్డల్లో అడుగున ఉండే పదిమందిలోకి చేరింది. పాత జబ్బు ముదిరిందా, ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి అవయవాలను దెబ్బతీసే జబ్బు) వచ్చిందా, హెల్ప్ సిండ్రోమ్ మొదలవుతోందా? వైద్యం దాన్నిబట్టి మారిపోతుంది. మళ్లీ స్మియర్ చూశాను, విరిగిన కణాలు లేవు. లివర్ ఎంజైములు, ఎల్‌డీహెచ్, క్రియాటినిన్ బాగానే ఉన్నాయి. బీపీ, ప్రోటీన్, ఎదుగుదల తగ్గడం కలిపి చూస్తే ప్రీఎక్లాంప్సియానే. అందులోనూ ప్లేట్‌లెట్స్ చురుకెక్కి ఖర్చవుతాయి. ఆస్పిరిన్ వాడుతున్నా వచ్చింది కదా అని ఆమె బాధపడింది. ఆస్పిరిన్ ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. 23వ వారంలో ఆగిపోయిన ప్రయాణం 32 దాకా వచ్చిందని గుర్తుచేశాను.

అడ్మిట్ చేసి బీపీకి లాబెటలాల్ మొదలుపెట్టాం. బిడ్డ ఊపిరితిత్తుల కోసం బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ రెండు ఇంజెక్షన్లు ఇచ్చాం. రెండు రోజుల్లో కౌంట్ 71,000కి లేచింది. వార్డులో అందరూ సంతోషించారు. ఇలాంటప్పుడు మోసపోకూడదు. స్టెరాయిడ్ కౌంట్‌ను కొన్ని రోజులు పైకి లేపుతుంది, అసలు జబ్బు వెనక నడుస్తూనే ఉంటుంది. రోజు విడిచి రోజు పరీక్షలు ఆపలేదు.

34వ వారం మొదటి రోజు తెల్లవారుజామున తలనొప్పి. బీపీ 164/108. కౌంట్ 52,000, లివర్ ఎంజైమ్ 88కి పెరిగింది. ఇక ఆగడంలో అర్థం లేదు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టి సిజేరియన్‌కు సిద్ధం చేశాం. ఎనాక్సాపారిన్ వేసి 22 గంటలైంది కాబట్టి దాని గురించి భయం లేదు. మత్తు ఎలా ఇవ్వాలన్నదే చర్చ. ప్రసూతి మత్తు వైద్యుల 2021 నాటి ఏకాభిప్రాయ పత్రం ప్రకారం 70,000 పైన వెన్నులో ఇంజెక్షన్ ఇవ్వడం వల్ల అక్కడ రక్తం కారి పేరుకుపోయే ముప్పు చాలా తక్కువ. ఈమెకు 52,000, అదీ పడిపోతూ ఉంది. మత్తు డాక్టర్ పూర్తి మత్తే మంచిదన్నారు, నేను ఒప్పుకున్నాను. ఒక యూనిట్ ప్లేట్‌లెట్స్ సిద్ధంగా పెట్టుకున్నాం, ఎక్కించాల్సిన అవసరం రాలేదు. దాదాపు 600 మిల్లీలీటర్ల రక్తం పోయింది, సిజేరియన్‌కి అది మామూలే. కోసిన అంచుల దగ్గర రక్తం ఆగడం నేను ప్రత్యేకంగా గమనించాను. ఉన్న 52,000 తమ పని తాము చేశాయి.

పాప, 1,780 గ్రాములు. బొడ్డుతాడు రక్తంలో ప్లేట్‌లెట్స్ 2,10,000. ప్లేట్‌లెట్స్ తగ్గించే ఐటీపీ అనే మరో జబ్బులో తల్లి యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి బిడ్డ కౌంట్ కూడా పడగొట్టొచ్చు, అందుకే చూశాం.

కాన్పు తర్వాత

తల్లి కౌంట్ మర్నాడు 44,000కి పడింది. ప్రీఎక్లాంప్సియాలో కాన్పయ్యాక ఒకటి రెండు రోజులు ఇలా పడటం తెలిసిందే, ఆ రెండు రోజులూ గట్టిగా కాపలా కాయాలి. నొప్పికి, ప్లేట్‌లెట్స్ పనిని అణిచే డైక్లోఫెనాక్ వద్దని కేస్ షీట్ మీద పెద్దక్షరాలతో రాశాను, ఎందుకంటే రాత్రి డ్యూటీలో అలవాటుగా వేసేస్తారు. పారాసిటమాల్‌తో సరిపెట్టాం. 48 గంటలకు 47,000, మూడో రోజు 68,000. అప్పుడు ఎనాక్సాపారిన్ మళ్లీ మొదలుపెట్టాం. అంతవరకూ కాళ్లకు బిగుతు మేజోళ్లు వేసి, త్వరగా లేపి నడిపించాం. కాన్పు తర్వాతి ఆరు వారాలు గడ్డలకు చాలా ప్రమాదకరమైన కాలం, ఈ జబ్బున్నవాళ్లకు మరీను. ఆరు వారాలూ ఇంజెక్షన్లు సాగాయి.

ఆరో వారంలో కౌంట్ 1,19,000. ఆమెకు మామూలంటే ఇదే. లక్షన్నర దాకా లాగడానికి మందులేమీ ఇవ్వలేదు. గర్భనిరోధక మాత్రల్లో ఈస్ట్రోజన్ ఉన్నవి ఆమె జీవితంలో ఎప్పుడూ వాడకూడదని చెప్పాను, అవి గడ్డల ముప్పును ఇంకా పెంచుతాయి. ప్రొజెస్టిన్ వదిలే లూప్ వేయించుకుంది. ఫైలు అట్ట లోపల ఒక చీటీ అంటించాను: 'ప్లేట్‌లెట్స్ ఎప్పుడూ లక్ష చుట్టుపక్కలే. యాంటీఫాస్ఫోలిపిడ్ ఉంది. కౌంట్ చూసి ఆస్పిరిన్ ఆపేముందు హెమటాలజీ వాళ్లతో మాట్లాడండి.'

ఎనిమిదో వారంలో పాపను ఎత్తుకుని వచ్చినప్పుడు పాత ప్రశ్న మళ్లీ అడిగింది. ఈసారి తప్పించుకోలేదు. "ఆ మాత్ర కొనసాగించి ఉంటే ఆ బిడ్డ బతికేదని నేను చెప్పలేనమ్మా. అప్పుడు హెపారిన్ కూడా లేదు. రెండూ ఉన్నా కొందరికి నిలవదు. కానీ ఆపడానికి చెప్పిన కారణం సరైనది కాదు. ఇందులో మీ తప్పు ఏమీ లేదు" అన్నాను. తలూపింది. ఆ తర్వాత పాపను తూకం మీద పడుకోబెట్టాం. 3,310 గ్రాములు.